సర్వరుకు ఒక రోజు సెలవు

మా గ్రానైట్ ఫ్యాక్టరీలో ఏసీ ఉన్న గది ఒక్కటే. అందులో ఈమెయిల్ సర్వరూ, దాన్ని చూసుకునే నేనూ ఉండేవాళ్లం. ఏసీ ఎవరి కోసమో నేను చేరిన రోజే ఓనరు తేల్చి చెప్పాడు.

"అది చల్లగా ఉండల్ల. నీదేముంది, ఎండలో పుట్టినోడివి."

నిజమే. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి చలి అంటే క్యాలెండరులో ఒక కాగితం. ఫ్యాక్టరీ బత్తలపల్లి పోయే రోడ్డు మీద ఉండేది. చుట్టూ ఎండిపోయిన చెనిక్కాయ చేలు, మధ్యలో మా రాతి కోత మిషన్లు. వాటికి నీళ్లు ట్యాంకర్లలో వచ్చేవి. పక్క పల్లె ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి, ఆ ట్యాంకర్లు తమవైపు రాకుండా మా గేటులోకి తిరగడం చూసేవాళ్లు. మనిషికి దొరకని నీళ్లు రాయికి దొరికే చోట ఉద్యోగం చేస్తూ, ఏ విషయాన్నీ మరీ పెద్దది చేసుకోకూడదని నేను ముందే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం చాలాకాలం బాగానే పనిచేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. రాయి కొనేవాళ్లంతా దూరదేశాల వాళ్లు. ఫ్యాక్సు వదిలేసి మెయిలుకు మారమని వాళ్లు అడిగితే ఓనరు సర్వరుకని ఒక కంప్యూటరు కొని, దాన్ని చూసుకోవడానికి ఇన్‌స్టిట్యూట్ నుంచి నన్ను తెచ్చుకున్నాడు. మా పేరున వచ్చే మెయిళ్లన్నీ బెంగుళూరులో ఒక కంపెనీ దగ్గర ఆగేవి. మా సర్వరు రోజులో కొన్నిసార్లు టెలిఫోను లైను మీద అక్కడికి ఫోను చేసి, అవన్నీ తెచ్చుకుని, ఎవరి పెట్టెలో వాళ్లవి వేసేది. పోస్ట్‌మన్ పని. నేను పోస్ట్‌మన్‌కు కాపలా.

కాపలాకు కొన్ని నియమాలు ఉంటాయి. లావుపాటి పుస్తకం చదివి కొన్ని, చీవాట్లు తిని కొన్ని నేర్చుకున్నాను. గది చల్లగా, దుమ్ము లేకుండా ఉండాలి. మా ఫ్యాక్టరీలో గాలి అంటేనే రాతిదుమ్ము కాబట్టి తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కేవాణ్ణి. మెయిళ్లు ఎవరి కంప్యూటరులోకీ దిగకూడదు, సర్వరులోనే ఉండాలి, ఎందుకంటే బయట ఉన్న కంప్యూటర్లు దుమ్ముకు వరసగా చచ్చేవి. పాస్‌వర్డు ఎవరిది వాళ్లకే తెలియాలి. ఇది మాత్రం సాగలేదు. ఫ్యాక్టరీలో సగంమంది పాస్‌వర్డు ఒకే దేవుడు. మార్చుకోండన్నా అంటే, "ఏమప్పా, దేవుణ్ణి మార్చుకోమంటాండావా?" అని నా మతం గురించి ఆరా తీశారు.

ఒక్క డిస్పాచ్ అక్క మాత్రం మార్చుకుంది.

ఆమె పని రాళ్లు ఏ కంటెయినరులో పోతున్నాయో కాగితాలు రాయడం. ఆమె భర్త చెన్నై హార్బరులో మా కంపెనీ మనిషి. ఇక్కడి నుంచి లారీలో వెళ్లిన రాయిని అక్కడ దగ్గరుండి కంటెయినరులోకి ఎక్కించేవాడు. పండగకో పబ్బానికో ఇంటికి వచ్చేవాడు. ఆయన్ను నేను అన్నా అనేవాణ్ణి. ఫోను చేస్తే బిల్లు ఓనరు కళ్లబడుతుంది, మెయిలు చేస్తే పడదు అని కనిపెట్టింది ఆయనే. లోడు ఎక్కగానే ఓనరుకు ఒక మెయిలు, దాని వెనకే అక్కకు ఒకటి వచ్చేవి. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు. రెండు మూడు వాక్యాలు. చాలావరకు ఫిర్యాదులు.

అక్క వాటిని డిస్పాచ్ రూములో అందరికీ వినబడేలా చదివి నవ్వేది.

"వినప్పా, ఏమంటాండాడో. 'ఈడ జొన్నరొట్టె పేరు చెప్తే నగుతాండారు. మూడు పూటలా ఇడ్లీనే. నేను మనిషినా, జొరమొచ్చిన పిల్లోణ్ణా?'"

"జవాబు రాసేటప్పుడు రెండు రొట్టెలు అటాచ్ చేసి పంపు అక్కా" అనేవాణ్ణి.

"గమ్మునుండు. ఇంగా ఉండాది. 'మా అమ్మతో కొట్లాడినావా? కొట్లాడింటే నువ్వే తగ్గు. ఆమె తగ్గదు, నాకు తెలుసు.' చూడు, ఆడ కూచోని ఈడ పంచాయితీ చెప్తాడు."

అన్నీ చదివేది కాదు. కొన్ని తెరవగానే మూసేసి, చీర కొంగుతో తెర మీది దుమ్ము తుడిచేది. దుమ్ము అక్కడే ఉండేది.

ఒక వానాకాలం, అంటే చెన్నైలో వాన, మా దగ్గర కాలం మాత్రమే, ఆయనకు జ్వరం పట్టుకుంది. ఓడ టైము తప్పకూడదని జ్వరంతోనే హార్బరులో నిలబడ్డాడు. "జొరం తగ్గినాది. లోడు అయినాక వస్తా" అని రాశాడు. లోడు అయ్యింది. లాడ్జి గదిలో పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అయిపోయిందని మధ్యాహ్నం ఫోను వచ్చింది. మా ఫ్యాక్టరీ లారీలోనే తెచ్చారు. చెన్నైలో రాయి దించిన లారీ మామూలుగా ఖాళీగా తిరిగొస్తుంది.

అక్క కొన్నాళ్లకు పనిలోకి వచ్చింది. బొట్టు లేదు. మనిషి మనిషే, ఆ చోటు మాత్రం ఎవరూ చూడనట్టు చూసేవాళ్లు. ఓనరు నన్ను పిలిచి, "వాని అకౌంటు తీసేయ్. పోయినోళ్ల పేరుతో తెరిచిపెట్టకూడదంట కదా" అన్నాడు. ఆ నియమం ఆయనకు చెప్పింది నేనే. తీసేశాను. ఆయనకు ఇంకా వస్తున్న మెయిళ్లు అక్కకు చేరేలా మార్చాను. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక కొనుగోలుదారు ఆయన పోయిన సంగతి తెలియక, రాయి రంగు తేడాగా ఉందని చాలా రోజులు ఆయన్నే తిడుతూ రాశాడు. అక్క అన్నిటికీ మర్యాదగా జవాబిచ్చేది.

ఆయన తనకు రాసినవి మాత్రం ఆమె పెట్టెలో అట్లాగే ఉన్నాయి. ఒక్కొక్కరికి ఇంత జాగా అని నేను గీత గీసి పెట్టాను. అది కూడా నియమమే. గీత దాటినప్పుడల్లా ఆమె రాళ్ల ఫోటోలు చెరిపేది, అవి చెరపలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ ఫ్యాక్టరీ అంతా ఆగినప్పుడు నా గదిలో సర్వరు డిస్కు గరగరమని చప్పుడు చేసేది. ఎవరో పాత మెయిళ్లు తెరుస్తున్నారన్నమాట. ఆ వేళలో ఎవరో నాకు తెలుసు. అన్నం గిన్నె మూత చప్పుడు కాకుండా తీసేవాణ్ణి. సర్వరుకు వినబడుతుందని కాదు.

నియమాల్లోకెల్లా పెద్దది, ఉన్న ప్రతిదానికీ ఒక నకలు ఇంకో చోట ఉండాలన్నది. శనివారం శనివారం మెయిళ్లన్నీ సీడీలకు ఎక్కించేవాణ్ణి. ఒక జత ఆఫీసులో, ఒక జత ఓనరు ఇంట్లో. ఆఫీసు తగలబడినా ఇల్లు మిగులుతుంది కదా అని. ఓనరమ్మ ఆ సీడీలను దేవుడి గూట్లో పెట్టి, లక్ష్మి అనుకుని ఒక్కోదానికి పసుపు కుంకుమ పెట్టేది. బొట్టు అట్ట మీద పెట్టమ్మా, బిళ్ల మీద వద్దు అని నేను వెళ్లి బతిమాలుకోవాల్సి వచ్చింది.

అక్క ఒకరోజు నా గది తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఆ బిళ్లల్లో నావీ ఎక్కుతాయా?"

"అందరివీ ఎక్కుతాయి అక్కా."

"ఆయన రాసినవి వద్దు. అవి ఆ ఇంటికి పోకూడదు. ఆయన నన్నేమని పిల్చేదీ వాళ్లకెందుకు?"

"ఎవరూ చదవరక్కా. వాళ్లు వాటికి బొట్టు పెడతారు, అంతే."

"అయినా వద్దప్పా."

సరే, ఆమెకే ఒక సీడీ విడిగా చేసిస్తానన్నాను. "యాడ దాచేది? ఇంట్లో అత్త ఉండాది. ఏమది, ఏమది అని అడుగుతుంది. చెప్తే ఏడుస్తుంది" అంది. తర్వాత, "ఈడే ఉండనీ. ఈడ బాగుండాది" అంది. మెయిలు ఎవరిదో దాని మీద మాట వాళ్లదే. ఆమె పెట్టెలో ఆయన మెయిళ్లున్న అర, అంటే ఫోల్డరు, ఒక్కదాన్ని రెండు జతల సీడీలకూ ఎక్కకుండా తప్పించి, అవి ముందే ఎక్కి ఉన్న పాత సీడీలను విరిచేశాను.

ఆ మరుసటి దసరాకు ఆయుధపూజ వచ్చింది.

మా వైపు ఆ రోజు మిషన్లకు పండగ. కోత మిషన్లు, క్రేన్లు, లారీలు అన్నీ ఆపేస్తారు. కడిగి, విభూతి పట్టెలు దిద్ది, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. గేటు దగ్గర గుమ్మడికాయ కొడతారు. అందరికీ బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచుతారు. పూజ చేసిన మిషన్‌ను పండగ వెళ్లేదాకా ముట్టకూడదు. ఏడాదంతా మనకోసం తిరిగింది, ఇప్పుడు విశ్రాంతి తీసుకోవాలి. సర్వరును మాత్రం ఏటా నేను తప్పించేవాణ్ణి. నడుస్తుండగానే డబ్బా మీద బొట్టు పెట్టించేవాణ్ణి. ఏళ్ల తరబడి ఆగకుండా తిరుగుతున్న డిస్కు తిరుగుతున్నంతసేపూ తిరుగుతుంది. ఒకసారి ఆపి చల్లారనిస్తే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. నడుస్తున్న పాతదాన్ని ఊరికే ఆపొద్దు అన్నది కూడా నియమమే.

ఆ ఏడు పూజ జరుగుతుంటే అక్క దూరంగా ఇనప మెట్ల దగ్గర నిలబడింది. కుంకుమ పళ్లెం ఆడవాళ్ల మధ్య తిరిగి, ఆమె ముందుకు వచ్చేసరికి పక్కకు తిరిగిపోయింది. ఎవరూ చెప్పాల్సిన పని లేకుండానే అందరికీ తెలిసిన పద్ధతి అది. పళ్లెం నా గదికి వచ్చినప్పుడు ఆమె వెనకాలే వచ్చి గడప బయట ఆగింది.

"దానికి నువ్వు పెట్టప్పా, బాగా నిండుగా" అంది.

పెట్టాను. ఆమె డబ్బా మీద వెలుగుతున్న పచ్చ లైటు చూసింది.

"దీన్ని ఆపలేదా?"

"ఇది ఆపకూడదు అక్కా. ఆపితే మళ్లీ లేవదేమో."

"అన్నిటికీ సెలవిచ్చి దీనికి లేదా?" గొంతు మామూలుగానే ఉంది. "ఆ మనిషి కూడా ఒక్క దినం పండుకోల్యా. లోడు అయినాక, లోడు అయినాక అని. దీన్నన్నా పండుకోనీ."

"అక్కా, ఇది మిషను."

"అవున్లే. ఆయన్నీ అట్లనే అనుకున్యారు."

ఆమె వెనక, గోడ పక్కన దండ పట్టుకుని ఓనరు ఉన్నాడని మా ఇద్దరికీ తెలియదు. ఆయన ఆ మాట విన్నాడు. దండ వైపు చూస్తూ, "ఆపురా" అన్నాడు.

"సార్, డిస్కు పాతది..."

"ఆపు. ఆయమ్మ అడిగినాది. రెండు దినాలు మెయిళ్లు రాకుంటే రాయేమన్నా నీళ్లపాలవుతుందా?"

మెయిళ్లకు వచ్చే నష్టం నిజంగానే లేదు. అవి బెంగుళూరులో ఎదురుచూస్తాయి. నేను పద్ధతి ప్రకారం ఒక్కొక్కటి మూసి, చివరికి సర్వరును ఆపాను. గది ఒక్కసారిగా అంత నిశ్శబ్దమవుతుందని నాకూ తెలియదు. అక్క చేతులు జోడించింది. ఓనరు దండ వేశాడు. నేను బొరుగులు తిన్నాను.

పండగ అయ్యాక పొద్దున్నే వచ్చి స్విచ్చి వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, లైటు వెలిగింది. డిస్కు మాత్రం టక్, టక్ అని ఒకటే చోట కొట్టుకుంది. మళ్లీ ఆపి, మళ్లీ వేశాను. టక్, టక్. పక్కన ఇంకా బంతిపూలు వాడలేదు.

కంపెనీకి ఏమీ కాలేదు. అది చెప్పి తీరాలి. అనంతపురంలో కొత్త డిస్కు దొరికింది. పండగ ముందురోజు శనివారమే ఎక్కించిన సీడీలు దేవుడి గూట్లోంచి పసుపు వాసనతో వచ్చి, ఒక్క మెయిలు పోకుండా అన్నీ వెనక్కి ఇచ్చాయి. ఓనరు అందరి ముందూ నా భుజం తట్టి, "సదువుకున్నోడు సదువుకున్నోడే" అన్నాడు. పుస్తకంలో ఉన్న పరీక్షలన్నీ నేను పాసయ్యాను. ఒక్క అర మాత్రం ఖాళీగా ఉంది.

అక్కకు మొదట చెప్పలేదు. పాత డిస్కును ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే కాసేపు లేస్తుందని ఎవరో చెబితే, ఓనరమ్మను అడిగి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టాను. పెరుగు గిన్నెకు తగలకుండా పెట్టమంది. లేవలేదు. తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బెంగుళూరు బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన, "పసిపాపనా?" అని తొంగిచూశాడు. కాదు తాతా, పెద్ద మనిషే అన్నాను. అక్కడ పాత డిస్కుల్లోంచి బయటికి తీసే షాపతను దాన్ని విప్పి, అద్దంలా మెరిసే పళ్లెం మీద గుండ్రంగా పడిన గీత చూపించాడు. "సూది రాసుకుపోయింది. రాసి ఉన్న పొరే గీసుకుపోయింది. ఇందులో తీయడానికేం లేదు" అన్నాడు.

తిరిగొచ్చి డిస్పాచ్ రూములో ఆమె ఎదురుగా కూర్చున్నాను. జోకు ఒకటి సిద్ధం చేసుకునే వెళ్లాను. అది నోటిదాకా రాలేదు.

"అక్కా, అన్న రాసినవి రావు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె ముందున్న కాగితాల కట్టను బల్లకేసి తట్టి అంచులు సమానం చేసింది. "నేనే కదా ఆపమన్యా" అంది. ఓనరు ఆపమన్నాడక్కా అన్నాను. "ఆయన నోటితో అన్యాడు. అడిగింది నేను." మళ్లీ తట్టింది. కాగితాలు అప్పటికే సమానంగా ఉన్నాయి.

కొన్ని రోజుల తర్వాత అన్నాల వేళ ఆమె నా గదిలోకి వచ్చింది. ఎప్పుడూ గడప దగ్గరే నిలబడే మనిషి, ఈసారి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఆయన పేరుతో మల్లా పెట్టె తెరవగలవా?"

"తెరవొచ్చు. ఎందుకు?"

"దాన్నుంచి నాకు మెయిలు పంపితే, ఆయన పంపినట్టే కనపడుతుంది కదా?"

కనబడుతుంది. ఒకరి పేరుతో ఇంకొకరు పంపడం మా పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. దాని గురించి పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది.

"నాకు గుర్తుండాయి" అంది. "కొన్ని. మర్చిపోకముందే రాసుకుంటా. ఆయన పేరు మీదే ఉంటే బాగుంటుంది."

అధ్యాయాన్ని పక్కన పెట్టి పెట్టె తెరిచి, కీబోర్డు ఆమె వైపు జరిపాను. మొహం గోడ వైపు తిప్పుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఇడ్లీల మెయిలు రాసింది. పంపింది. అత్తతో కొట్లాట మెయిలు రాసింది, నవ్వింది, పంపింది. మూడోది చాలాసేపు కొట్టింది. ఆగింది.

"ఇటు చూడప్పా. ఇది చదువు."

చదివాను. నువ్వు లేకుంటే నాకు ఈడ దినం గడవదు, నువ్వు పడే కష్టమంతా నాకు తెలుసు, దిగులు పడొద్దు, బాగా తిను అని ఉంది.

"ఇట్ల రాసినాడంటావా?"

"నాకెట్ల తెలుస్తుంది అక్కా. నువ్వు అన్నీ చదవలేదు కదా మాకు."

"రాయల్యా." తెర వైపు చూస్తూనే ఉంది. "ఇంత మంచోడు కాదప్పా ఆయన." పెదాలు నవ్వబోయి ఆగిపోయాయి. "నా కష్టం తెలుసని ఒక్కనాడు అనల్యా. రాసింటే బాగుండునని నేను అనుకున్యా, అది రాసినా. ఇంగా రాస్తాపోతే ఈయన్నే నమ్ముతా. ఆయన మూతి ముడుచుకునేదీ, నన్ను కసురుకునేదీ అంతా పోతుంది. తీసేయ్."

"మొదటి రెండూ ఉంచుదాం. అవి నేనూ విన్నాను. అవి అన్నవే."

"విన్యావా?"

"ఇడ్లీలది మాట మాట గుర్తుంది. 'మనిషినా, జొరమొచ్చిన పిల్లోణ్ణా' అన్నాడు. నువ్వు 'జొరమొచ్చిన' వదిలేసి రాశావు."

ఆమె ఆ మెయిలు తెరిచి మళ్లీ చూసుకుంది. ఆ మాట లేదు. ఎందుకు వదిలేసిందో ఇద్దరికీ తెలుసు.

"అయితే అవీ తీసేయ్" అంది.

తీశాను. పెట్టెను కూడా పూర్తిగా తొలగించాలా అని మిషను అడిగింది. నేను ఆమె వైపు చూశాను. తల ఊపింది.

అంతలో మోడెం కీచుమంటూ బెంగుళూరుకు ఫోను చేసి, చెన్నైలో కొత్తగా పెట్టిన మనిషి మెయిలు తెచ్చింది. అక్క అక్కడే చదివి, "కంటెయినరు నంబరే తప్పు ఏసినాడు చూడు, ఈ కొత్తోడు" అని లేచింది. లేస్తూ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను వంగి మోడెం తీగ సర్దాను. అది బాగానే ఉంది.